కుర్చీలో పీటీ మేడం

ప్రతి శనివారం నేను కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి నెక్కొండ వెళ్తాను. అక్కడి బడిలో ఆడపిల్లలకు యోగా చెప్తాను. మొన్నటి శనివారం బండిలో నా ఎదురుగా ఒకామె కూతురితో కలిసి కూర్చుంది. వరంగల్ దాటేదాకా నన్నే చూస్తూ ఉండి, చివరికి నేను టీచరునా అని అడిగింది. ఎట్లా తెలిసిందన్నాను. కూర్చున్న తీరు చూస్తే తెలుస్తోందట. తాను హనుమకొండలో చదువుకునేటప్పుడు బడిలో ఒక పీటీ మేడం ఉండేదట. వీపు వంచి కూర్చున్న పిల్ల కనబడితే చాలు, చప్పుడు కాకుండా వెనకనుంచి వచ్చేదట.

"వచ్చి గిట్ల వెట్టేది" అంటూ ఆమె, ఫోన్ మీదికి వంగి ఉన్న కూతురి రెండు రెక్కల నడుమ బొటనవేలు ఆనించింది. ఆ పిల్ల ఉలిక్కిపడి నిటారుగా అయింది.

ఆ బొటనవేలు నాకు తెలుసు. నా వీపు మీద కూడా అది చాలాసార్లు పడింది. బడి పేరు అడిగాను. అనుమానం లేదు, ఆమే. మేడం పోయి రెండేళ్ళు దాటిందని చెప్పాను. ఆమె కాసేపు కిటికీలోంచి పత్తి చేలను చూసి, "మంచిగ తిట్టేది" అని మాత్రం అంది.

తిట్టే మాట నిజమే.

నేను ఆమెను మొదటిసారి చూసింది కాజీపేట రైల్వే కాలనీలో, కమ్యూనిటీ హాలు వరండాలో. మా ఆయనది లోకోషెడ్డులో పని. మేం అక్కడి క్వార్టర్స్‌లోనే ఉండేవాళ్ళం. రెండో కాన్పు తర్వాత నా నడుం పట్టేసింది. దవాఖానలో గోలీలు రాసిచ్చి, యోగా ఏదైనా చేసుకోమన్నారు. పక్క క్వార్టర్ సుజాతక్క వెంటబెట్టుకుని తీసుకుపోయింది. యోగా చెప్పేవాళ్ళంటే తెల్లబట్టలూ ప్రశాంతమైన ముఖమూ ఉంటాయనుకున్నాను. అక్కడ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ఒక పొడుగాటి పెద్దావిడ కూర్చుని, ఎవరివో మడమలు నేలకు ఆనడం లేదని గదమాయిస్తోంది. పూల వాయిలు చీర, దాని కింద తెల్ల కాన్వాస్ బూట్లు, మెడలో విజిల్. రిటైరై ఎన్నో ఏళ్ళయినా ఆ విజిల్ తీయలేదు. ఊదగా మాత్రం నేనెప్పుడూ వినలేదు.

ఆమె మోకాళ్ళు రెండూ పాడైపోయాయి. కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. ఎట్లా పాడయ్యాయంటే అడిగిన ప్రతిసారీ కొత్త కథ. కబడ్డీలో ఖమ్మం పిల్లలు కలిసి పట్టేశారని ఒకసారి చెప్పేది. స్పోర్ట్స్ డే నాడు లాంగ్ జంప్ చూపించబోయి పడ్డానని ఇంకోసారి. మేడారం జాతరకు పోయే బస్సు మీదినుంచి దూకానని మరోసారి. మేడారం మీరెందుకు పోయారు మేడం అంటే, బస్సు నిండా మా బడి పిల్లలే ఉంటే వాళ్ళ వెంట ఎవరు పోతారని ఎదురు అడిగేది. ఏది నిజమో ఆమె ఇంట్లోవాళ్ళకైనా తెలుసో లేదో.

కొత్తగా చేరిన వాళ్ళకు ఈ కుర్చీ వ్యవహారం మింగుడుపడేది కాదు. ఒక ఆఫీసరు భార్య వచ్చిన మొదటిరోజే అడిగేసింది, మీరు చేసి చూపించకుండా మాకెట్లా వస్తుందని. మేడం కోపం తెచ్చుకోలేదు.

"నేను నమాజ్ గూడ గీ కుర్చీలనే కూసోని చదువుత. అల్లా ఒప్పుకుంటాండు. నువ్వు జర ఒప్పుకోరాదు బిడ్డా?"

అందరం నవ్వాం. ఆ ఆఫీసరు భార్య కూడా నవ్వింది. తర్వాత ఆమె వానొచ్చినా మానలేదు.

ఆసనాల పేర్లు మేడానికి తెలియక కాదు, కానీ ఆమె చెప్పే తీరు వేరు. గోడకు సున్నం వేసినట్టు చేతులు పైకి పోవాలి. బావిలోకి తొంగి చూసినట్టు ముందుకు వంగాలి. దవాఖాన మంచం మీద కాదు, సొంతింటి మంచం మీద పడుకున్నట్టు పడుకోవాలి. కళ్ళు మూసుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. నిద్రపోయేవాళ్ళు ఇంట్లోనే పోవచ్చు, ఇంత దూరం రావడం దేనికనేది. ఆమె ముఖాలు చూసేది కాదు, కాళ్ళవేళ్ళు చూసేది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయంటే ఆ రోజు ఆ ఇంట్లో ఏదో పంచాయితీ అయిందని లెక్క. అందరి ముందూ ఏమీ అనకుండా, క్లాసు అయ్యాక ఆ మనిషిని పక్కకు పిలిచి చాయ్ తాగుదాం పద అనేది. హాలు గేటు బయట బండి దగ్గర చాయ్. చాయ్ తాగొద్దని చెప్పే యోగా ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు గానీ తనది కాదని, గ్లాసు ఎత్తుతూ ప్రకటించేది.

ఇక నా సంగతి. మాది వరంగల్‌లో కొత్తవాడ. మా ఇంట్లో జంపఖానాలు నేసేవాళ్ళు. నాకు మాట తెలిసినప్పటినుంచీ నత్తి. మగ్గం ఆడుతున్నంతసేపూ ఆ చప్పుడులో నా నత్తి ఎవరికీ పట్టేది కాదు, నాకూ పట్టేది కాదు. మగ్గం ఆగితేనే కష్టం. పెళ్ళయి కాజీపేట వచ్చాక మగ్గమూ లేదు. కొన్ని అక్షరాలు నా గొంతులో తలుపు వేసుకుని కూర్చునేవి. హనుమకొండనుంచి బస్సులో వస్తూ 'కాజీపేట' అనలేక, నోరు తిరిగే 'ఫాతిమానగర్'కు టికెట్ తీసుకుని, అక్కడ దిగి వంతెన దాటి ఇంటిదాకా నడిచేదాన్ని. చంకలో పిల్ల ఉన్నా అంతే.

నా మాట ఆగితే చుట్టూ ఉన్నవాళ్ళు అందించేవాళ్ళు. మా ఆయన మంచివాడు, అందరికంటే తొందరగా అందించేవాడు. ఒక్కోసారి నేను అనబోయింది ఒకటైతే వాళ్ళు అందించేది ఇంకొకటి. కాదని చెప్పాలంటే మళ్ళీ మాట్లాడాలి కదా, అందుకని అదే నా మాట అని తలూపేసేదాన్ని. బెండకాయలు అనబోయి 'బె' దగ్గర ఆగితే కూరగాయలామె బీరకాయలు తూచింది. నేను అవే తెచ్చి వండాను.

మేడం మొదటిరోజు నా పేరు అడిగింది. 'భా' దగ్గర ఆగిపోయాను. పక్కనున్న సుజాతక్క చెప్పడానికి నోరు తెరిచింది. మేడం అరచెయ్యి ఎత్తి ఆమెను ఆపింది. ఆపి, నా వైపే చూస్తూ కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద బండి కోసం ఎదురుచూసే మనిషిలాగా, విసుగు లేకుండా, జాలి కూడా లేకుండా. బండి ఎప్పుడొస్తే అప్పుడే ఎక్కుదాం అన్నట్టు.

"భాగ్య" అన్నాను చివరికి.

"మంచిది. చాప పరుసుకో" అంది.

అంతే. కానీ అంతకుముందు ఎవరూ నా కోసం అంతసేపు ఆగలేదు. నడుం నొప్పి కోసం పోయినదాన్ని, ఆ ఆగడం కోసం మళ్ళీ మర్నాడు పోయాను.

కొన్ని నెలలకు నొప్పి తగ్గింది. ఒళ్ళు తేలికగా వంగడం మొదలైంది. ఒకరోజు మేడం నా చాపను ముందుకు తెచ్చి తన కుర్చీ పక్కన వేయించింది. తను చెప్తుంది, నేను చేసి చూపించాలి. "నోరు నాది, ఒళ్ళు నీది" అంది. నాకు అంతకంటే ఏం కావాలి? పెదవి విప్పే పని లేకుండా అందరి ముందూ నిలబడడం. అట్లా చాలాకాలం సాగింది. కొత్తవాళ్ళు నాకు మాటలు రావనుకునేవాళ్ళు. ఎవరో ఆమెను అడిగారట కూడా. చెప్పేది ఉంటే చెప్తుంది, ఇప్పుడు చూపించేది ఉంది కాబట్టి చూపిస్తోంది అని జవాబిచ్చిందట.

ఒక తెల్లవారుజామున ఫోన్ చేసింది.

"బిడ్డా, నాకు జరమొచ్చింది. నేనొస్తలేను. ఇయ్యాల నువ్వే చెప్పు."

నా నోట మాట బయటికొచ్చే లోపలే పెట్టేసింది. హాలుకు పోయాను. మేడం రాదని సుజాతక్కతో చెప్పించి అందరినీ ఇంటికి పంపేద్దామనుకున్నాను. అప్పటికే చాపలు పరిచి, ఖాళీ కుర్చీనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. ఎట్లాగో మొదలుపెట్టాను. చిన్న చిన్న మాటలతో, చేతులతో చూపిస్తూ కొంతదూరం నడిపించాను. తర్వాత ప్రాణాయామం వచ్చింది. గాలి పీల్చమన్నాను. పట్టి ఉంచమన్నాను. వదలండి అనాలి. 'వ' రాలేదు.

నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. ఎదురుగా అందరూ గాలి బిగబట్టి నన్నే చూస్తున్నారు. నేనెంత తోస్తే ఆ అక్షరం అంత లోపలికి పోతోంది. సుజాతక్క ముఖం ఎర్రబడింది. ఎవరి బుగ్గలు వాళ్ళు ఉబ్బించుకుని, చెప్పినమాట జవదాటని బడిపిల్లల్లాగా కూర్చున్నారు. చివరికి ఆఫీసరు భార్య బుస్సుమని వదిలేసింది. దాంతో అందరూ వదిలేసి, పొట్టలు పట్టుకుని నవ్వారు. అది నన్ను చూసి నవ్విన నవ్వు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు. చాప అక్కడే వదిలి ఇంటికొచ్చేశాను.

ఆ రోజు మేడానికి జ్వరమూ లేదు, ఏమీ లేదు. ఇంటి గేటు దగ్గర కుర్చీ వేయించుకుని హాలు వైపే చూస్తూ కూర్చుందని ఆమె కోడలు తర్వాత ఎప్పుడో చెప్పింది.

మర్నాడు నేను పోలేదు. పొద్దెక్కాక ఆమే మా క్వార్టర్‌కు వచ్చింది. మూడు మెట్లు ఎక్కడానికి ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. లోపలికొచ్చి, కుర్చీ తెమ్మని, కూర్చుని, నిన్న ఎంతసేపు గాలి పట్టారని అడిగింది. తను ఎన్నేళ్ళనుంచి మొత్తుకుంటున్నా ఆ క్లాసులో ఒక్కరూ అంతసేపు పట్టలేదట. నాకు నవ్వు రాలేదు. ఇక నావల్ల కాదన్నాను. మరీ చెప్పక తప్పదంటే 'వదలండి' బదులు 'ఊదండి' అంటాను, ఆ మాటైతే నాకు తిరుగుతుందన్నాను. ఇదంతా చెప్పడానికి నాకు చాలా సమయం పట్టింది. ఆమె ఎప్పటిలాగే ఆగి, మొత్తం విన్నది.

"ఇయ్యాల ఒక మాట ఇడుస్తవు. రేపు ఇంకోటి ఇడుస్తవు. గిట్ల ఇడుసుకుంట పోతే ఆఖరికి నీ దగ్గర ఏం మిగులుతది బిడ్డా?"

నాకు వంతెన గుర్తొచ్చింది. చంకలో పిల్లతో నడిచిన ఎండలు గుర్తొచ్చాయి. బస్సు సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆ వారమే పని ఉండి హనుమకొండ పోయాను. తిరిగొచ్చేటప్పుడు కండక్టరు ముందు నిలబడి 'కాజీపేట' కోసం కుస్తీ పట్టాను. వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. కండక్టరు సుబేదారినా, ఫాతిమానగరా అని అందించబోయాడు. కాదని తల అడ్డంగా ఊపాను. మాట వచ్చేసరికి బస్సు ఒక స్టాపు దాటింది. అయినా వచ్చింది. ఇంటి ముందు దిగాను.

యోగా టీచరుగా సర్టిఫికెట్ కోసం పరీక్ష రాయమన్నది కూడా ఆమే. ఆ మాట ఇంట్లో చెప్తే మా ఆయన ముఖం ముడుచుకున్నాడు. చెడ్డగా కాదు. రోజంతా మాట్లాడే పని నీకెందుకు, నలుగురిలో బాధపడతావు అన్నాడు. మేడం ఆయన్ని చాయ్ బండి దగ్గర పట్టుకుని ఏం మాట్లాడిందో నాకు తెలియదు. పరీక్ష రోజు హైదరాబాద్ బండికి టికెట్లు ఆయనే తీశాడు, ఇద్దరికి. ఆ మోకాళ్ళతో మేడం నా వెంట వచ్చింది.

ఆసనాలు బాగా చేశాను. తర్వాత బల్ల అవతల కూర్చున్న ఇద్దరు పరీక్షకులు ప్రశ్నలు అడిగారు. ప్రాణాయామం గురించి చెప్పమంటే 'ప్రా' దగ్గర ఆగిపోయాను. అందులో పెద్దాయన దయగల మనిషి. ప్రాణాయామం, నీకు తెలుసులేమ్మా అని తనే పూర్తి చేశాడు. తర్వాతి ప్రశ్నకూ అంతే. నేను తలూపుతూ కూర్చున్నాను. చివరికి, ఆసనాలు చాలా బాగున్నాయి, కానీ బోధన కష్టమమ్మా అన్నారు.

తిరుగు బండిలో నేను ఏడుస్తూనే ఉన్నాను. మేడం ఓదార్చలేదు. జామకాయ కోసి ఉప్పూకారం అద్ది నా చేతిలో పెట్టింది. జనగామ దాటాక అడిగింది.

"వాళ్ళు ఆగలేదా, నువ్వు ఆపలేదా?"

ఆలోచించాను. వాళ్ళు అందించారు, నేను ఊరుకున్నాను. అదే చెప్పాను.

"మరి జర ఆగుండ్రి అని చెప్పినవా?"

చెప్పలేదు. చెప్పొచ్చని కూడా నాకు ఎన్నడూ తోచలేదు. పుట్టినప్పటినుంచీ ఆగిపోవడం నా తప్పు, అందించడం వాళ్ళ మంచితనం అని అనుకుంటూ వచ్చాను. నా మాట నాకు కావాలి, కాసేపు ఆగండి అని ఎవరినైనా అడగొచ్చన్న సంగతి ఆ బండిలో, ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది.

మరుసటిసారి పరీక్షకు ఒక్కదాన్నే పోయాను. అప్పటికి మేడానికి గుండె నీరసించి ప్రయాణాలు వద్దన్నారు. ఆ బల్ల ముందు కూర్చోగానే, వాళ్ళు ప్రశ్న అడగకముందే చెప్పాను. నాకు మాట ఆగుతుంది, నా మాట నేనే పూర్తి చేస్తాను, దయచేసి ఆగండి అని. ఆ వాక్యానికే చాలాసేపు పట్టింది. ఇద్దరూ కలాలు కింద పెట్టారు. చివరిదాకా ఆగారు.

బండి దిగి ఇంటికి పోకుండా నేరుగా మేడం ఇంటికి పోయాను. ముందుగదిలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఫలితం అడగలేదు.

"ఆగిన్రా?"

"ఆగిన్రు మేడం."

తలూపింది. ఇంకొన్ని కాయలు ఒలిచింది. తర్వాత, రేపటినుంచి తన కుర్చీ వెనక వరుసలో వేయమంది. మాట వరసకు అంటోందనుకున్నాను. మర్నాడు నిజంగానే వెనక కూర్చుంది.

అంత బాగా చెప్పిన మనిషి నేర్చుకునేటప్పుడు మాత్రం అందరికంటే అల్లరి. ఆలస్యంగా వచ్చేది. కుర్చీ ఎండలో ఉందని ఒకసారి, గాలి తగలడం లేదని ఒకసారి జరిపించుకునేది. మధ్యలో చాయ్ ఎప్పుడని అడిగేది. పక్కన కూర్చున్నవాళ్ళను కదిలించి ముచ్చట్లు పెట్టేది. నన్ను దిద్దడం మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు. నేను తప్పు చెప్పినరోజు కూడా, చెప్పినట్టే చేతులు లేపేది. మా ఆయన పిల్లను ఎత్తుకుని గేటు దగ్గర నిలబడి ఆ అల్లరి చూసి నవ్వుకునేవాడు. ఆ రోజుల్లోనే ఆయన నాకు మాట అందించడం మానేశాడు. నేనేమీ అడగలేదు.

అట్లా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వెనక వరుసలో కూర్చుంది. చలి మొదలయ్యాక ఒకనాటి పొద్దున, క్లాసుకు తయారవుతూ బూట్లు వేసుకోబోయి మంచం మీదే ఒరిగిపోయింది. మేం పోయేసరికి ఇంటినిండా ఆడవాళ్ళు. రైల్వే కాలనీవాళ్ళు, ఆమె బంధువులు, ఎక్కడెక్కడినుంచో వచ్చిన పాత విద్యార్థినులు. ఎవరి కథ వాళ్ళు చెప్పుకుని ఏడ్చారు. ఆమె మోకాళ్ళ గురించి నేను ఎన్నడూ వినని కథ కూడా ఒకటి ఆ రోజు విన్నాను.

అయినా ఆమె తలపుకు వస్తే నాకు కనిపించేది ఆ రోజు కాదు. అంతకు కొంతకాలం ముందు ఒక వాన పొద్దు. క్లాసులో ఇద్దరు ముగ్గురు కొత్త అమ్మాయిలు చేరారు. నేను మొదలుపెట్టబోతున్నాను. వెనక మేడమూ సుజాతక్కా మాటల్లో పడ్డారు. సుజాతక్క కూతురికి వచ్చిన సంబంధం గురించి. పిల్లవాడు ఉద్యోగం ఏం చేస్తాడు, ఎంత ఎత్తుంటాడు, చాయ్ తాగుతాడా. ఒకసారి చూశాను, ఆగలేదు. రెండోసారి చూశాను, గొంతు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. కొత్త అమ్మాయిలు నన్నూ వాళ్ళనూ చూస్తున్నారు.

"మేడం" అన్నాను.

ఆమె తలెత్తింది.

"మా..."

ఆగిపోయింది. అందరూ నావైపు తిరిగారు. వరండా రేకుల మీద వాన పడుతోంది. ఏ మాట రాబోతోందో అక్కడున్న అందరికీ తెలుసు. అందరికంటే ముందు ఆమెకు తెలుసు. ఒక్కరూ అందించలేదు. ఆమె తనకు పడబోయే తిట్టు కోసం, నోరు మూసుకుని, కళ్ళు నా మీదే పెట్టి కూర్చుంది.

"మాట్లాడకండి" అన్నాను.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వీపు నిలబెట్టింది.

"సరే, టీచరమ్మా."

ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. సుజాతక్క కూడా సర్దుకుని కూర్చుంది. నేను ఊపిరి తీసుకుని, చేతులు పైకి అన్నాను. అందరికంటే ముందు ఆమె చేతులే లేచాయి.